ఫర్నేస్ ఆరకూడదు

జనవరి 11

ఈ నెలా జీతం లేదు. అంతకుముందు "వచ్చే వారం" అన్నారు, పోయిన నెల "పదో తారీఖు" అన్నారు, ఈసారి ఏమీ అనలేదు. క్యాషియర్ కిటికీ మూసేసి ఉంది. మెషీన్ మీద పనిచేసే రేడియోగాడు (వాడి నోరు మూతపడదు, అందుకే ఆ పేరు) పిడికిలితో గుద్ది కిటికీ అద్దం పగలగొట్టాడు. మణికట్టు తెగి మోచేతి దాకా రక్తం కారింది. సీసాల కంపెనీలో గాజు కోసుకోవడం వింతేమీ కాదు. గుడ్డ చుట్టుకుని మళ్ళీ మెషీన్ దగ్గరికే వెళ్ళాడు.

నేనూ బర్నర్ల దగ్గరికే వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను? తాళం వేసి ఇంటికి పోవడానికి ఇదేమన్నా కిరాణా కొట్టా? ఫర్నేస్‌లో గాజు ఎప్పుడూ కరిగే ఉండాలి. ఒక్కసారి ఆరిందంటే లోపలే గడ్డకడుతుంది, ఇటుకలు పగులుతాయి, మళ్ళీ వెలిగించడం ఎవరి తరమూ కాదు. ఇన్నేళ్ళుగా దాని మంట చూస్తున్నాను. నా ముఖం కంటే ఆ మంట రంగే మీకు బాగా తెలుసని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది.

జనవరి 13

యజమాని వచ్చి ఆయిల్ డ్రమ్ము ఎక్కి మాట్లాడాడు. చొక్కా నలిగి ఉంది.

"కంపెనీ అమ్మేస్తున్నాను. కొనేవాళ్ళు చూడ్డానికి వస్తారు. ఫర్నేస్ మండుతుంటేనే దీనికి ధర, ఆరితే తుక్కు. మీ బాకీలన్నీ ఆ ధరలోంచే ఇస్తాను. మీరు పోతే మీరూ మునుగుతారు, నేనూ మునుగుతాను" అని చేతులు జోడించాడు.

నాకు నమ్మకం కుదిరింది. ఆయన దిగాక అర్థంకాని వాళ్ళందరికీ నేనే మళ్ళీ చెప్పాను. ఆయన కంటే నేనే బాగా చెప్పానని రేడియోగాడు భుజం తట్టాడు.

బామ్మర్ది మాత్రం మూతి విరిచాడు. మా ఆవిడ తమ్ముడు, అచ్చులు బిగించే పని, నేనే పెట్టించాను.

"ఆయన అమ్ముకుంటాడు సరే బావా. అమ్మాక మనకిస్తాడని ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పాడుగా, చెవులు లేవా?"

"చొక్కా ఎవరు నలిపారో కూడా ఆయన్నే అడగాల్సింది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వాడికి నోట్లో నాలుక లేదని వాళ్ళక్క అంటుంది. ఉంది, నా ముందు మాత్రమే బయటికి వస్తుంది.

జనవరి 20

సీసాలు కొనేవాడు లేడు. అలాగని మెషీన్ ఆపితే గాజు దారిలోనే బిగుసుకుంటుంది. అందుకని పొద్దున్నుంచి సీసాలు చేస్తాం, మధ్యాహ్నం నుంచి వెనక షెడ్డులో వాటిని పగలగొడతాం, ఆ పెంకుల్నే మళ్ళీ ఫర్నేస్‌లో పోస్తాం. మరుసటి రోజు అవే పెంకులు, అవే సీసాలు.

మొదట్లో ఎవరికీ మనసొప్పలేదు. చేసిన చేత్తోనే పగలగొట్టడం ఏమిటని అచ్చులవాళ్ళు గొణిగారు. ఇప్పుడు పోటీలు పడుతున్నారు. సీసాని మెడ పట్టుకుని ఎత్తి, "వీడు క్యాషియర్" అని గోడకేసి కొడతారు. "వీడు యజమాని" అన్నప్పుడు ఈలలు. చెంపల మీద చిన్న చిన్న గాట్లు లేనివాడు షెడ్డులో లేడు. నేనూ కొన్ని పగలగొట్టాను. ఆ చప్పుడుకి తలలోని బరువు దిగిపోతుంది. పేర్లు మాత్రం పెట్టలేదు.

జనవరి 28

ఇద్దరు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ పని మిగిలినవాళ్ళ నెత్తిన పడింది. ఇంకో నలుగురు పోతే షిఫ్టు నడవదు, షిఫ్టు నడవకపోతే ఫర్నేస్ ఆగుతుంది. అంటే పోయేవాడు ఒంటరిగా పోవడం లేదు, మా అందరి జీతాలూ మూటగట్టుకుని పోతున్నాడు. ఇది ఎవరికైనా అర్థం కావాలి.

మా దగ్గర ఒక పాత అలవాటుంది. ఎవడైనా కోతలు కోస్తే "చెయ్యి చూపించు" అంటాం. పెంకులు పోసే ద్వారం ముందు ముంజెయ్యి పెట్టాలి. వెంట్రుకలు కమిలిపోయేదాకా తియ్యకపోతే వాడి మాట నిజం. కొత్తవాళ్ళని ఏడిపించడానికి చేసేవాళ్ళం. ఈరోజు అందరం చేశాం. అమ్మకం అయ్యేదాకా ఎవరూ పోకూడదు, పోయేవాణ్ణి మిగిలినవాళ్ళు పోనివ్వకూడదు. ఆ మాట అన్నది నేనే, మొదట చెయ్యి పెట్టిందీ నేనే. షెడ్డంతా జుట్టు కాలిన కంపు.

బామ్మర్ది వెనక్కి నక్కాడు. మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి పెట్టించాను. అందరి ముందూ నా పరువు పోతుంది కదా. కాస్త ఎక్కువసేపే పట్టుకున్నట్టున్నాను, బొబ్బ లేచింది.

ఫిబ్రవరి 3

కరెంటు పని చేసేవాడు పెట్టెతో బస్టాపులో దొరికాడు. నేను పట్టుకున్నాను, అంతే. కొట్టింది రేడియోగాడూ ఇంకో ఇద్దరూ. కింద పడ్డాక కడుపులో తన్నారు. ముందు పన్ను ఊడి రోడ్డు మీద పడింది. వాడు నోరు నొక్కుకుంటూ దాని కోసం వెతుక్కుంటుంటే బస్సు ఆగింది. డ్రైవరు మమ్మల్ని చూసి మళ్ళీ బండి కదిలించేశాడు.

ఫిబ్రవరి 4

కరెంటువాడు డ్యూటీకి వచ్చాడు. ముఖం వాచిపోయి కన్ను కనబడటం లేదు. అయినా వచ్చాడు! దారిలో పెడితే మనుషులు బాగానే ఉంటారు. బెల్టు మోటారు సరిచేశాడు.

ఫిబ్రవరి 7

ఈరోజు ఎవరూ పోలేదు.

ఫిబ్రవరి 15

ఇంట్లో రోజూ గొడవే. మా ఆవిడ కుట్టుమిషను అమ్మేసింది, నాకు చెప్పనైనా లేదు. అది ఉండే మూల ఖాళీగా ఉంది, గోడ మీద నూనె మరక మిగిలింది. ఎందుకమ్మావంటే, "మీ ఫర్నేస్‌కి ఆకలేస్తే పెంకులు పోస్తారు. నాకు ఆకలేస్తే ఏం పొయ్యమంటారు?" అంది.

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. తమ్ముడికి వేరే ఊళ్ళో సీసాల కంపెనీలోనే పని దొరికిందట. సోమవారం చేరకపోతే ఇంకొకణ్ణి తీసుకుంటారట. చేరినవాళ్ళకి ఒక గది కూడా ఇస్తారట.

"మీ మాటంటే అక్కడందరూ వింటారు. మీరే దగ్గరుండి బస్సెక్కించండి. వాడు వెళ్ళి నిలదొక్కుకుంటే మనకీ ఒక దారి దొరుకుతుంది" అంది.

"చెయ్యి పెట్టి ఒట్టేశాడు."

"వాడు పెట్టాడా, మీరు పెట్టించారా? ఆ బొబ్బకి మందు రాసింది నేను."

లేచి బయటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 17

రేడియోగాడు అందరూ వింటుండగా అడిగాడు. "మీ బామ్మర్ది సర్దుకుంటున్నాడంటగా? కరెంటోడికైతే పళ్ళు రాలగొట్టించావు. నీ ఇంటోడికో న్యాయం, మాకో న్యాయమా?"

ఎవడు చెప్పాడో తెలియదు. "పోడు, నేను చూసుకుంటా" అన్నాను. నలుగురు నన్నే చూస్తున్నారు. వాళ్ళని కట్టిపడేసింది నా మాట. నా మాటే పోతే ఇక అక్కడ ఏముంటుంది?

వాడికి నచ్చజెప్తాను. చిన్నవాడు, వింటాడు.

ఫిబ్రవరి 19, ఆదివారం

నచ్చజెప్పడానికే వెళ్ళాను. బర్నరు మసి గీకే కడ్డీ చేతిలో ఉందంటే డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళాను కాబట్టి ఉంది.

బస్టాపులో నిలబడ్డాడు. భుజానికి సంచి. రేడియోగాడూ వాడి మనుషులూ రోడ్డుకి అవతల, కిళ్ళీ బడ్డీ దగ్గర చూస్తున్నారు.

"ఇంటికి పదరా."

"బావా, నువ్వూ రా. ఫర్నేస్ పని తెలిసినవాళ్ళు వాళ్ళకీ కావాలట. అడిగాను. అక్కని కూడా తీసుకుపోదాం."

"నలుగురూ చూస్తున్నారు. పద."

"వాళ్ళకి బుద్ధి లేదు, నీకేమైంది? యజమాని అరచేతిలో వైకుంఠం చూపిస్తుంటే నువ్వు తలుపు దగ్గర కాపలా కాస్తున్నావు."

బస్సు మలుపు తిరిగింది. వాడు సంచి సర్దుకున్నాడు. నేను కాలి మీద కొట్టాలనుకున్నాను. కాలు వాస్తే నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటాడు, సోమవారం దాటిపోతుంది, అంతేగా. వాడు వంగి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచెయ్యి కింద తగిలింది. ఎండుపుల్ల విరిచినట్టు వినబడింది. వాడు అరవలేదు. "బావా" అన్నాడు, కూర్చుండిపోయాడు.

ఒక్క దెబ్బ. వాడు చెయ్యి పెట్టకపోతే ఏమీ అయ్యేది కాదు.

రేడియోగాడు రోడ్డు దాటి వచ్చి నా చేతిలో కడ్డీ తీసుకున్నాడు. "చాలు చాలు, చచ్చిపోతాడు" అన్నాడు. ఎందుకలా అన్నాడో.

ఫిబ్రవరి 20

ఒక్క దెబ్బే. ఫర్నేస్ మంట ఈరోజు చాలా బాగుంది.

ఫిబ్రవరి 22

మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నా ముందు నిలబడింది.

"రెండు చోట్ల విరిగిందన్నాడు డాక్టరు. ఒకటి మోచెయ్యి కింద, ఒకటి భుజం దగ్గర. వేళ్ళు మళ్ళీ మడతపడతాయో లేదో చెప్పలేనన్నాడు. ఒక్క దెబ్బకి రెండు చోట్ల ఎలా విరిగింది?"

"పడ్డప్పుడు తగిలి ఉంటుంది."

చెంప మీద కొట్టింది. పెళ్ళయ్యాక ఎప్పుడూ నా మీద చెయ్యెత్తని మనిషి. చెవి గింగురుమంది. నేను చెయ్యి లేపాను. తను కదల్లేదు.

"కొట్టు. నీకు చేతనైంది అదొక్కటే" అంది. ఏనాడూ "మీరు" తప్ప అనలేదు. "పోలీసుల దగ్గరికి పోదాం పదరా అంటే వాడే వద్దన్నాడు. అక్క కాపురం అంటున్నాడు. ఏ కాపురమో వాడికే తెలియాలి."

చెయ్యి దించేశాను. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఫిబ్రవరి 27

బామ్మర్ది పనికి వచ్చాడు. చెయ్యి మెళ్ళో కట్టుతో వేలాడుతోంది. అక్కడి ఉద్యోగం ఎలాగూ పోయింది, ఒంటి చేతివాణ్ణి ఇంకెవరూ తీసుకోరు, ఇక్కడికి రాక ఎక్కడికి పోతాడు? ఎలాగైతేనేం, వచ్చాడు. అచ్చులు బిగించలేడు కాబట్టి వెనక షెడ్డులో ఎడమ చేత్తో సీసాలు పగలగొడుతున్నాడు. ఒక్కో సీసా తీసుకుని, మెడ పట్టుకుని, తొందరపడకుండా గోడకేసి కొడతాడు.

మాట కలుపుదామని, "ఎవరి పేర్లు పెడుతున్నావురా?" అన్నాను.

"అన్నీ ఒక్కడివే బావా. రోజంతా కొట్టినా తరగడం లేదు" అన్నాడు. నవ్వలేదు.

ఇంకో సీసా తీశాడు. పెంకు ఎగిరి నా మెడకి తగిలింది. తుడుచుకుని వచ్చేశాను.

మార్చి 5

కొనేవాళ్ళు వచ్చారు! ముగ్గురు. అద్దంలోంచి ఫర్నేస్ లోపలికి చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జీతాల్లేకుండా ఇన్ని నెలలు ఎలా మండించారని అడిగారు. యజమాని నా భుజం మీద చెయ్యేశాడు.

"అంతా ఇతని చలవే. ఒక్కణ్ణి కూడా గేటు దాటనివ్వలేదు."

వాళ్ళలో పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు, నా చేతుల దగ్గర ఆగాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. అబద్ధమెందుకు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ అటు తిరిగి పడుకుంది.

మార్చి 10

అమ్మకం అయిపోయింది. యజమాని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, ఫోను పలకదు. ఏరు దాటి తెప్ప తగలేశాడు.

కొత్త మేనేజరు వచ్చి చెప్పాడు. "పాత బాకీలతో మాకు సంబంధం లేదు. ఫర్నేస్ కొన్నాం, మనుషుల్ని కొనలేదు. మా మనుషులు మాకున్నారు." పదే పదే గడియారం చూసుకున్నాడు.

ఆ తర్వాత అందరూ వెనక్కి తిరిగారు, మేనేజరు వైపు కాదు, నా వైపు. మొదట రేడియోగాడు. నా కాలరు పట్టుకుని, "పొయ్యేవాళ్ళని పోనిచ్చుంటే ఈపాటికి ఎక్కడో ఒకచోట బతికేవాళ్ళం కదరా" అని ముక్కు మీద గుద్దాడు. కింద పడ్డాను. కరెంటువాడు ఛాతీ మీద కూర్చుని పళ్ళ మీదే గుద్దాడు, ఎంచి మరీ ముందు పళ్ళ మీద. ఎవరిదో బూటు, ఎవరిదో మోకాలు. రెండు వేళ్ళు తొక్కేశారు. పై నుంచి పడుతున్న చేతులన్నీ నున్నగా ఉన్నాయి, ఒక్కదాని మీదా ఇంకా వెంట్రుకలు సరిగ్గా రాలేదు.

బామ్మర్ది గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రక్తం ఉమ్ముతూ వాడి వైపు చూశాను.

"చూడకు బావా. కొట్టే చెయ్యి ఖాళీగా లేదు గానీ, లేకపోతే నేనూ వరసలో నిలబడేవాణ్ణి" అన్నాడు.

అయినా చివరికి, "ఇక చాలు, పోతాడు" అని వాళ్ళని లాగింది కూడా వాడే. ఇంటిదాకా ఎడమ చేత్తో పట్టుకుని నడిపించి, గుమ్మంలో వదిలి వెళ్ళిపోయాడు.

మార్చి 13

మేనేజరు మనిషిని పంపించి పిలిపించాడు. కుర్చీ వేయించాడు. ఫర్నేస్ దగ్గరే పని ఇస్తాడేమో అనుకున్నాను.

"ఫర్నేస్‌కి మావాళ్ళున్నారు. నిన్ను గేటు కాపలాకి తీసుకుంటాం. పాతవాళ్ళు రోజూ వచ్చి గొడవ చేస్తున్నారు. వాళ్ళలో ఎవరు ముందుంటారో, ఎవర్ని ఎక్కడ కొడితే ఆగుతారో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఒప్పుకున్నాను. మనవాడొకడు లోపల ఉంటే రేపు వాళ్ళ తరఫున ఒక మాట చెప్పొచ్చు. అందరం బయటుంటే ఎవరు మాట్లాడతారు? ఇది కోపం తగ్గాక వాళ్ళకే తెలుస్తుంది. పైగా గేటు దగ్గర నిలబడితే ఫర్నేస్ పొగగొట్టం కనబడుతుంది.

మార్చి 16

కొత్త బట్టలు, కొత్త లాఠీ. పాతవాళ్ళు గేటు బయట గుమిగూడి రాళ్ళు వేశారు. ఒకటి నా కణత మీద తగిలింది. రేడియోగాడు గేటెక్కాడు. వేళ్ళ మీద కొట్టమన్నారు. కొట్టాను. పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ కొట్టాను. ఈసారి లేవలేదు, ఎత్తుకుపోయారు. ఆ రేడియో ఆగిపోయిందని లోపలివాళ్ళెవరో జోకు వేస్తే నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. తర్వాత వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

మార్చి 20

ఇది రాయకూడదనుకున్నాను.

పొద్దున మా ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. పక్కన తమ్ముడు, రెండు సంచులు. పెద్దది తనే మోస్తోంది. కమ్మీల దగ్గరికి వచ్చి నిలబడింది. నన్ను చూసింది గానీ, ఎదురుగా ఉన్నది ఎవరో కొత్తమనిషన్నట్టు చూసింది.

"బాబూ, లోపల ఫర్నేస్ దగ్గర మా ఆయన పనిచేసేవాడు. ఎప్పుడైనా కనిపిస్తే ఈ ఇంటి తాళంచెవి ఇవ్వండి" అంది.

"ఏంటా మాటలు? ఎక్కడికి?"

"ఆ ఊరి కంపెనీవాళ్ళు తమ్ముడికి బదులు నన్ను తీసుకుంటామన్నారు, సీసాలు ప్యాకింగ్ చెయ్యడానికి. గది కూడా ఇస్తామన్నారు. వాడి చేతికి అక్కడే వైద్యం చేయించాలి. ఇది కూడా ఆయనకి చెప్పండి."

"ఆగు. సాయంత్రం డ్యూటీ దిగగానే మాట్లాడదాం."

బామ్మర్ది నా లాఠీ వైపు చూసి, అక్కని తన వెనక్కి జరుపుకున్నాడు. లాఠీ కింద పడేశాను. అయినా వాడు ఆమె ముందు నుంచి తప్పుకోలేదు.

తాళంచెవి కమ్మీల మధ్య నుంచి పెట్టింది. నా వేళ్ళు తగలకుండా పెట్టింది. బస్సొచ్చింది. గేటు తాళంచెవి నా నడుముకే ఉంది. తీసి పరిగెత్తితే అందుకునేవాణ్ణే. కానీ తర్వాతి షిఫ్టు మనిషి సాయంత్రం గానీ రాడు, గేటు ఖాళీగా వదిలిపెడితే ఉద్యోగం తీసేస్తారు. బస్సు కదిలేదాకా చూశాను. వాళ్ళిద్దరూ ఇటు తిరగలేదు. ఏడ్చాను. బూత్‌లోకి వెళ్ళి, తలుపేసుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. తర్వాత లారీ వస్తే గేటు తీశాను.

మార్చి 31

ఇల్లు ఊడ్చుకున్నాను. డ్యూటీకి వెళ్ళాను. పొగ బాగానే వస్తోంది.

మధ్యాహ్నం మేనేజరు గేటు దగ్గర కారాపి అద్దం దించాడు. కంపెనీ కొత్తది, లెక్కలింకా కుదుట పడలేదు, ఈ నెల జీతం వచ్చే నెలతో కలిపి ఇస్తామన్నాడు.

సరే సార్ అన్నాను.